వడపోతయా? పూతయా?

ఫిల్టరు అను మాట మన యాడువారికి క్రొత్తది కాదు. చిత్తూరు మొదలు తిరుపతి వఱకు, మదనపల్లె మొదలు శ్రీకాళహస్తి వఱకు, కాఫీ త్రాగు ప్రతి గృహమునందును వంటయింటి గూటిలో ఇత్తడిదో ఉక్కుదో యొక ఫిల్టరు ఉండును. పైగిన్నెలో పొడి వేసి, మరగిన నీరు పోసి, మూత పెట్టినచో పిప్పి పైన నిలిచిపోయి డికాక్షను క్రిందికి దిగును. ఈ సాధనము చేయు పని యేమి? కొంత నాపును, కొంత విడుచును. తనంతట తాను కాఫీకి రుచిని గాని రంగును గాని చేర్చదు. పాలు కలుపుట, చక్కెర వేయుట వేఱు పనులు. వానిని వేఱు పేర్లతోనే పిలుచుచున్నాము. పాలు పోసి, "ఫిల్టరు చేసితిని" అని చెప్పు ఇల్లాలు ఈ మండలమున నెచ్చటను లేదు.

వంటయింటిలో నింత స్పష్టముగా నున్న మాట చేతిలోని ఫోనులోనికి వచ్చునప్పటికి తలక్రిందులైనది. నేడు మన పిల్లలు "ఫిల్టరు వేసితిమి" అనునప్పుడు, దేనినో యాపితిమని వారి యభిప్రాయము కాదు, లేనిదానిని చేర్చితిమని. చామనచాయ తెలుపగును. చెక్కిలిపై మచ్చ మాయమగును. ముక్కు సన్నబడును, కన్నులు పెద్దవగును. గోడకు సున్నము కొట్టుట యెట్టిదో యిదియు నట్టిదే. దీనికి తెలుగున పూత యని పేరు. ఈ రెండు విరుద్ధకార్యములను ఒక్క పేరుతో పిలుచుటచే మన గృహములలో నొక యన్యాయము చల్లగా జరిగిపోవుచున్నది. దానిని గుఱించియే యీ వ్యాసము. కెమేరా లెన్సుల పేర్లు, ఫిల్టరుల పేర్లు ఫొటోగ్రాఫరుల గొడవ యనియు, గృహస్థులకు దానితో పని లేదనియు తలచువారు, తమ యింట పెండ్లి కెదిగిన బాలికలున్నచో, ఒక్కసారి యోపికతో చదువుదురు గాక.

మొదట నిజమైన ఫిల్టరు సంగతి. అది లెన్సు ముందు బిగించు రంగు గాజుబిళ్ళ. పసుపు గాజు నీలికాంతిని కొంత యాపి తక్కిన కాంతులను విడుచును. నలుపు తెలుపు ఫిలిముతో తిరుపతిలో నిలిచి తిరుమల కొండను తీయబోయినచో, ఆకాశపు నీలమును మబ్బు తెలుపును ఫిలిముపై నించుమించు ఒక్కటే తెలుపుగా పడి మబ్బు కనబడకపోవును. పసుపు గాజు పెట్టగానే యాకాశము కొంచెము నల్లబడి మబ్బు తేలును. ఎఱ్ఱగాజు పెట్టినచో నాకాశము దాదాపు నల్లనై, శేషాచలపు ఎఱ్ఱని బండలు వెలుగును; దూరపు మసక కూడ కొంత విచ్చును. ఈ గాజులు మబ్బును గీయలేదు. ఉన్న మబ్బును కనబడనీయని వెలుతురును పక్కకు తీసినవి, అంతే.

మఱియొక విధమైన ఫిల్టరు కలదు. పాఠ్యపుస్తకములలో ధ్రువణము అను పేర చెప్పబడు కాంతిధర్మముపై నది యాధారపడినది. చెఱువుగట్టున నిలిచి నీటిని చూచినపుడు మిలమిల మెఱపు కన్నులకు కొట్టి లోపలి మెట్లు కనబడవు. ఆ మెఱపులో నధికభాగము ఒక్క దిశయందే కంపించు కాంతి. ఈ ఫిల్టరును లెన్సుపై తగినంత త్రిప్పినచో నా మెఱపు ఆగిపోయి నీటిక్రింది మెట్టు, పాచి, చేప యన్నియు కనబడును. ఇందులకు కూలిగా నది యించుమించు సగము వెలుతురును తీసికొనును. ఏ ఫిల్టరైనను నంతే. కొంత వెలుతురు పోవును గనుక ఫొటోగ్రాఫరు దానికి తగినట్లు కాలమో కంతయో పెంచవలెను. ఎన్ని యింతలు పెంచవలెనో తెలుపు అంకె ప్రతి ఫిల్టరునకును ఏర్పడియున్నది. రాటెన్ అను నాంగ్లేయుని పేర వ్యాపించిన ఫిల్టరులలో 8వది పసుపు, 25వది ఎఱుపు. కొనువాడు ఆ సంఖ్యను చూచి యేమి పోవునో, ఏమి మిగులునో ముందే తెలిసికొనును. ఫోనులోని పూతకో, నష్టమనునదే కనబడదు. కనబడదు గనుకనే దానిని వరముగా భావించుచున్నారు.

ఏమి యాపును, ఏమి విడుచును అని యడుగకుండ ఫిల్టరను పేరు వినగానే నమ్మినచో నేమగునో గ్రహణమునాడు చూడవచ్చును. 2019 డిసెంబరు 26వ తేదీ సూర్యగ్రహణము దక్షిణదేశమున కొన్ని చోట్ల కంకణాకృతితోను, తిరుపతిలో పాక్షికముగాను కనబడినది. అట్టి దినములలో ఎక్స్‌రే ఫిలిము ముక్కను, కెమేరా నల్లగాజును "ఫిల్టరే కదా" యని కంటికి పెట్టుకొను పిల్లలుందురు. కెమేరా కొఱకు చేసిన నల్లగాజు కంటికి కనబడు వెలుతురును తగ్గించునే గాని, కనబడని పరారుణ కిరణములను ఆపునను నమ్మకము లేదు. మిఱుమిట్లు లేవు గనుక పిల్లవాడు ఱెప్ప వాల్చడు. లోపల కంటితెఱ కాలిపోవును. గ్రహణమునాడు కూడ శ్రీకాళహస్తి గుడి తలుపులు తెఱచియే యుండును గాని, మన కన్నుల కా మినహాయింపు లేదు.

విచిత్ర మేమనగా, నిజమైన ఫిల్టరు కూడ ప్రతి ఫోనులోను కలదు, దానిని పిల్లలెఱుగరు. కెమేరాలో వెలుతురు నందుకొను పలకకు రంగులు తెలియవు. వెలుతురు హెచ్చుతగ్గులు మాత్రమే తెలియును. అందుచేత పలకపై నున్న లక్షలాది గడులకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలి రంగుల సూక్ష్మమైన తొడుగులు వేసిరి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు ఈ యమరికకు 1976లో పేటెంటు పొందెను. నాలుగు గడులలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎఱ్ఱనిది, ఒకటి నీలిది. మనుష్యుని కన్ను వెలుగునీడల సూక్ష్మభేదములను ఆకుపచ్చ కాంతిచే నెక్కువగా గుర్తించును గనుక దానికి రెండు పాళ్ళు. ఈ వడపోత లేనిదే ఫోనులో రంగుబొమ్మయే లేదు. పేరునకు తగిన పని చేయునది లోపల పేరులేక పడియున్నది. పేరు మాత్రము దానికి సంబంధము లేని పూత కెక్కినది.

ఇట్టి పేరుమోసము కెమేరా చరిత్రలో మునుపును జరిగినదే. మన తాతముత్తాతల నాటి పటములను గోడనుండి దింపి చూడుడు. కొన్నింట ముత్తైదువల నుదుట కుంకుమ కాటుకవలె నల్లగా నుండును. తొలికాలపు గాజుపలకలు నీలము, ఊదా కాంతులకు మాత్రమే స్పందించెడివి. ఎఱుపును పసుపును వానికి చీకటితో సమానము. కుంకుమయే కాదు, పసుపు పూసిన ముఖము కూడ నున్నదానికంటె నల్లగా పడెడిది. 1873లో ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రంగుమందు కలిపి ఆ పలకలకు ఆకుపచ్చను, పసుపును చూచు శక్తి కలుగునట్లు కనిపెట్టెను. అట్లు చేసిన పలకలకు వ్యాపారమున వచ్చిన పేరు ఆర్థోక్రొమాటిక్. గ్రీకు భాషలో దాని యర్థము సరియైన రంగు గలది యని. పేరు సరియైన రంగు. ఎఱుపు విషయమున చూడబోయిన పూర్తిగా గ్రుడ్డి. అన్ని రంగులను చూడగల పలకలు రాటెన్, వెయిన్‌రైట్ అనువారి దుకాణమునుండి 1906లో గాని బజారునకు రాలేదు. అంతవఱకు, అటుపిమ్మట కూడ చాలకాలము, మన యాడువారు తమ పటమును చూచుకొని, "నే నింత నల్లగా నుందునా?" యని తమ్ము తామే యనుమానించుకొనిరి గాని, ఈ పలక సంగతి వారికి చెప్పినవారు లేరు.

రంగుఫిలిము వచ్చిన తరువాత నైనను న్యాయము జరిగెనా? 20వ శతాబ్ది నడుమ కొడాక్ వారు రంగులు సరిచూచుకొనుటకు ముద్రణశాలలకు పంపిన నమూనాపటమున నుండినది యొక తెల్లదొరసాని. ఆమె పేర నా పటమునకు షర్లీ కార్డని పేరు వచ్చినది. ఆమె చర్మము చక్కగా వచ్చినచో యంత్రము సరిగా నున్నట్లు. నల్లనివారి ముఖము బొగ్గుముద్దగా వచ్చినను యంత్రమునకు దోషము లేదు. గోధుమవన్నెలు సరిగా రావలయునని కొడాక్ వారిపై నొత్తిడి తెచ్చినవారిలో చాక్లెట్ల వ్యాపారులును, కొయ్య సామానుల వ్యాపారులును ఉండిరని పరిశోధకులు వ్రాసియున్నారు. మనుష్యుల గోడుకంటె బల్లల గోడు ముందుగా వినబడినదన్నమాట! కావున నల్లగా పడిన ప్రతి బొమ్మలోను దోషము ముఖముది కాదు. యంత్రము దోషమును ముఖమునకు అంటగట్టి, ఆపై నా ముఖమునకు పూత పూయుట రెండు తప్పులు.

ఇక పెండ్లి సంబంధముల సంగతికి వత్తము. మా యెఱిగిన స్టూడియోలలో పాస్‌పోర్టు పటములకంటె పెండ్లిచూపుల పటములకే రాబడి హెచ్చు. బాలికను తోడ్కొనివచ్చిన తండ్రి కుర్చీలో కూర్చుండక మునుపే చెప్పుమాట, "కొంచెము ఫిల్టరు వేయండి" యని. అది విని యా బాలిక తల వంచుకొనును. ఆమె చదువుకొన్నది, ఫిల్టరనగా నేమో కాఫీ కాచునప్పుడు చూచినది. వడపోత యున్నచోట పిప్పి యొకటి యుండవలెను గదా! ఇక్కడ పిప్పి యేది? ఆమె మేనిచాయయే. తండ్రి యా యర్థముతో ననలేదని మాకు తెలియును. ఆ మాట మాత్రము ఆ పనిని చేయుచున్నది. "పూత పూయండి" యని యన్నచో నాయనకే నోట రాదు. వచ్చినను బాలిక యెదురు చెప్పగలదు. ఇంగ్లీషు మాటయొక్క చాటున దాగినందున సిగ్గుపడవలసిన కోరిక మర్యాదగా చెలామణి యగుచున్నది.

ఇంకొక ఫిల్టరు కూడ నీ దారిలోనే కలదు. సంబంధములు కుదుర్చు షాదీ డాట్ కామ్ అను సంస్థవారు, మేనిచాయను బట్టి వధూవరులను వెదకుకొను సౌకర్యము నొకదానిని తమ పుటలపై నుంచి, దానిని ఫిల్టరనియే పిలిచిరి. 2020లో స్త్రీలు కొందఱు నిరసన తెలిపి సంతకములు సేకరింపగా దానిని తీసివేసిరి. గమనింపుడు: అది నిజముగా వడపోతయే! మనుష్యులను వడపోయుట. మొదట నల్లనివారిని జల్లెడపట్టి తీసివేయుదురు. అందు జాఱిపోకుండుటకు బాలికలు ఫోనులో తెల్లబడుదురు. పెండ్లిచూపులనాడు వరుని తల్లి, "ఫొటోలో నింత నలుపు లేదే" యని ముఖముమీదనే యనును. అప్పుడు మోసగత్తె యెవరు? పూత పూసినవాడా, పూయించినవాడా? ఇద్దఱును కాదు, కాఫీ పళ్ళెము పట్టుకొని నిలిచిన బాలిక. ఇదంతయు నెక్కడ జరుగుచున్నది? నల్లని శిలామూర్తి దర్శనమునకై దేశదేశములనుండి జనులు పగలనక రేయనక వచ్చి గంటలకొలది నిలుచుండు ఊరిలో! ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె మేనిచాయను బట్టియే వచ్చినదని పురాణకాలక్షేపములలో వినుచునే యుందుము. ఇంటికి వచ్చి ఫిల్టరు వేయుదుము.

దీనికి కొందఱు చెప్పు సమాధానములను విన్నాము. పూర్వమును స్టూడియోలలో పెన్సిలుతో నెగటివుపై దిద్దెడివారు గదా, ఇప్పుడేల యింత కోపమని యొకరు. నిజమే, దిద్దెడివారు. కాని దానిని టచింగు అనెడివారు. చేయి తగిలినదని యా పేరులోనే యొప్పుకోలు కలదు. పనియు నొకనిది, దాని బాధ్యతయు నొకనిది. నేటి పూత కొన్ని ఫోనులలో అడుగకయే పడుచున్నది. పిల్లలకు తమ యసలు ముఖమెట్టిదో పటమున చూచుకొను నవకాశమే యుండుట లేదు.

మాట మార్చినంత మాత్రమున మనసు మాఱునా యని మఱియొకరు. ఇది ఆలోచింపదగిన ప్రశ్న. 1975 నుండి ఈ దేశమున నమ్ముడుపోవుచున్న యొక తెల్లదనపు లేపనము 2020లో ఫెయిర్ అను మాటను తీసివేసి గ్లో అను మాటను పెట్టుకొన్నది; డబ్బాపై పేరు మాఱినది, కొనువారి కోరిక మాఱలేదు. చిల్లగింజ పేరు పలికినంతనే బురదనీరు తేటపడదని ధర్మశాస్త్రకారులే హెచ్చరించియున్నారు. గింజ నరగదీసి నీట కలుపవలెను. మేమును పేరుతో నాగుమని చెప్పుట లేదు. అయితే ఆ లేపనపు వర్తకులు పేరు మార్చినది దాచుటకు; మేము మార్చుమనుచున్నది బయటపెట్టుటకు. ఫ్రాన్సుదేశమున 2017 అక్టోబరు నుండి, ప్రకటనలలో మోడళ్ళ దేహమును సన్నముగానో లావుగానో దిద్దినచో "దిద్దిన పటము" అని దానిపై వ్రాయవలెనని శాసనము. నార్వేవారు 2021లో నట్టి శాసనమునే చేసిరి. వారు దిద్దుట నిషేధింపలేదు. దిద్దినదానిని దిద్దినదని చెప్పుమనిరి. మన పెండ్లిపటముల వెనుక నా యొక్క మాట వ్రాయించుటకు శాసనము కూడ నక్కఱలేదు, ఇంటి పెద్ద యొక్కడు చాలును.

ఇంత మోస మింత సులభముగా సాగుటకు కారణ మొకటి కలదు. కెమేరాకు సంబంధించిన మాటలను మనము వినుచున్నామే గాని, ఏ నాడును వాని యర్థము నడుగలేదు. అడిగిన పిల్లవానికి చెప్పువారును లేరు. బడిలో నొక భాష, స్టూడియోలో నొక భాష. బడిపిల్లవాడు కటకము, నాభి, నాభ్యంతరము, వక్రీభవనము అని వల్లించి మార్కులు తెచ్చుకొనును. అదే పిల్లవాడు సెలవులలో స్టూడియోలో చేరి లెన్సు, ఫోకసు అని చేతితో నేర్చుకొనును. ఈ రెండును ఒక్కటే యని వానికి తట్టదు. పరీక్షలో కిరణచిత్రము గీసి పదికి పది తెచ్చుకొన్నవాడు, లెన్సుపై చెక్కిన 50 మి.మీ. అను నంకె గాజు వెడల్పనుకొనుట మేము చూచుచునే యున్నాము. ఆ యంకె వాడు బడిలో కంఠస్థము చేసిన నాభ్యంతరమే!

మేము సంస్కృతము చదివినవారమే. 2020 నుండి సంస్కృతమునకు కేంద్రవిశ్వవిద్యాలయమే వెలసియున్న తిరుపతిలో నుండి సంస్కృతమును నిందించుటకు మాకు నోరాడదు. అయినను కటకము అను మాటను చూడుడు. అమరకోశమున దానికి కంకణమనియు కొండచఱియ యనియు నర్థములు; గుండ్రదనమును బట్టి గాజుబిళ్ళకు తెచ్చిరి కాబోలు. ఇంగ్లీషువారి లెన్సో, లాటిను భాషలో మసూరపప్పు. నడుమ లావై అంచున పలుచనైన గాజును చూచి, పప్పుగింజవలె నున్నదని యా పేరు పెట్టిరి. అరబ్బులును ఆ పోలికనే పట్టి అదస యనిరి. ఉర్దూలోనికి నదియే వచ్చినది. ఫోకసనగా లాటినులో పొయ్యి. కెప్లరు అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు 1604లో తాను వ్రాసిన కాంతిశాస్త్రగ్రంథమున కిరణములు కూడుచోటికి ఆ పేరు పెట్టెను. అచట నిప్పు పుట్టునని, భూతద్దముతో నెండలో కాగితము కాల్చిన ప్రతి పల్లెటూరి పిల్లవానికిని తెలియును. కెమేరా యనగా గది. ఫిల్టరనగా మొదట కంబళివంటి యున్నిబట్ట. దానితో పానీయములను వడియగట్టెడివారు. పప్పు, పొయ్యి, గది, వడగట్టు గుడ్డ! శాస్త్రపరిభాష యని మనము బెదరి చేతులు జోడించు మాటలన్నియు నొక సామాన్యగృహమున సామానులు. వారు తమ వంటయింటినుండి మాటలు తీసికొని శాస్త్రమునకు పెట్టిరి. మనము వారి వంటయింటి మాటలను దేవభాషలోనికి మార్చి మన వంటయింటికి దూరము చేసితిమి.

మన యింట మాటలు లేకపోలేదు. భూతద్దమున్నది, కంటద్దములున్నవి, దుర్భిణి యున్నది. దుర్భిణి పారసీకము, అయిననేమి, తెలుగైనది. కలంకారీ కూడ పారసీకపు మాటయే గదా, శ్రీకాళహస్తి కంటె దానికి తెలుగు ఊరు మఱియొకటి కలదా? నలువది యేండ్లకు దగ్గఱి చూపు మందగించుటకు చత్వారమని పేరు పెట్టినవాడెవడో గాని యతనికి నమస్కారము. ఆ మాటలో లక్షణము లేకున్నను వయస్సున్నది, విన్నవానికి వెంటనే తెలియును. (మా కది యీ మధ్యనే ప్రత్యక్షానుభవమైనది.) ఇక ఎల్ల దాటి వేలూరు వైపు పోయినచో, అరవవారు లెన్సును విల్లై యనుచున్నారు. విల్లై యనగా మన బిళ్ళ. మందుబిళ్ళ, బొట్టుబిళ్ళ, సబ్బుబిళ్ళ, రూపాయిబిళ్ళ యని దినమునకు పదిసార్లు మన నోట మెలగు మాట! చిత్తూరు సీమలో నింటికొకరు అరవము తెలిసినవారుందురు. పొరుగువారి బడిలో నా మాట యుండగా, మన బడిలో గాజుబిళ్ళ యన్నచో మార్కులు తగ్గునా?

కటకమును బహిష్కరింపుమని మేమనుట లేదు. తెలుగు అకాడమి 1968లో నేర్పడి కళాశాలలకు తెలుగు పుస్తకములు సమకూర్చినది. అంతకు మునుపే, 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలివారు తెలుగున శాస్త్రము వ్రాయవచ్చునని చూపిరి. ఆ కృషిలో స్థిరపడిన మాటలను నేడు పెల్లగించుట తెలివి కాదు. నాభ్యంతరము మంచిమాటయే. బోధించువాడు దానిని గాజుబిళ్ళకును పొయ్యికిని ముడిపెట్టి, పిల్లవాని చేతి ఫోనును బల్లపై బోర్లించి, ఇదిగో నీవు చదివినది యని చూపవలెను. అంతే కాని మాటకు మాట దించుకొనుటవలన నష్టమే యెక్కువ. ఇంగ్లీషులో వేగపు లెన్సు అను వాడుక యున్నది. లెన్సు ఎక్కడికిని పరుగెత్తదు. దాని కంత పెద్దదగుటచే తక్కువ కాలములో బొమ్మ పడును. దానిని పెద్దకంటి లెన్సు అన్నచో తాతకును తెలియును. కెమేరాలో వెలుతురు దూఱు కంతను చిన్నది పెద్దది చేయు ఱేకులను ఇంగ్లీషువారు ఐరిస్ అందురు. అది కంటిలో పాపను చిన్నది పెద్దది చేయు రంగుటుంగరము. కావున కంతకు కనుపాప యనుటకు అడ్డమేమి? ఎఫ్ అంకెలలో 2 కంటె 8 చిన్న కంత యేల యగునో తెలియక పిల్లలు తికమక పడుదురు. అది భాగహారము. 50 మి.మీ. నాభ్యంతరమున రెండవవంతు 25, ఎనిమిదవవంతు 6.25, అన్నము ముద్దలో సగము పెద్దదా, ఎనిమిదవవంతు పెద్దదా యని తల్లి యడిగినచో పిల్లవాడు తడుముకొనడు.

ఈ మాటలు తెలియుటకును పూతకును సంబంధ మేమనువారి కొక యుదాహరణము. బాలికలు చేయి చాచి తమ్ము తామే ఫోనుతో తీసికొందురు. మూరెడు దూరమున నున్న కెమేరాకు ముక్కు దగ్గఱ, చెవులు దూరము. అందుచే ముక్కు ఉన్నదానికంటె పెద్దదిగా పడును. ఇది ముక్కు దోషము కాదు, లెన్సు దోషమును కాదు, దూరముయొక్క దోషము. ఈ కారణముచేతనే ముఖములు తీయుటకు ఫొటోగ్రాఫరులు 85, 105 మి.మీ. లెన్సులను వాడి నాలుగడుగులు వెనుకకు నిలుచుందురు. ఇది తెలియని బాలిక తన ముక్కు వికారమని నమ్మి, ఫిల్టరుతో దానిని సన్నము చేయును. తెలిసిన బాలిక ఫోనును అన్న చేతికిచ్చి, దూరముగా నిలిచి తీయుమనును. పూతకు పని లేకపోయినది. జూము అను మాటయు నిట్టిదే. గాజుబిళ్ళలు జరిగి దూరపువస్తువును దగ్గఱకు తెచ్చుట యొకటి. పడిన బొమ్మను కత్తిరించి పెద్దది చేయుట మఱియొకటి. రెండింటికిని అంగడిలో జూమనియే పేరు. వేలకు వేలు పోసి కొనువాడు, "బిళ్ళ జరుగునా, బొమ్మను కత్తిరించునా?" యని యొక్క ప్రశ్న వేసినచో నంగడివాడు జాగ్రత్త పడును.

కావున మా కోరిక స్వల్పము. లెన్సు, కెమేరా, ఫోకసు మన మాటలైపోయినవి, ఉండనిండు. ఫిల్టరు అను మాటను కాంతి నాపు సాధనమునకే, లేదా కాఫీకే యుంచుడు. తెలుగున ననదలచినచో వడపోత గాజు. ముఖమును మార్చునది, అది ఫోనులో నైనను స్టూడియోలో నైనను, పూత. ఇంట పిల్లలు ఫిల్టరు వేసితిమనినపుడు కసరక, "పూతయా?" యని యడుగుడు, నవ్వుదురు, ఆలోచింతురు. సంబంధమునకు పటము పంపునపుడు పూతలేని పటమును పంపి, వెనుక నా మాట వ్రాయుడు. వరుని పటమును గూడ నట్లే యడుగుడు. మగవారి ముఖములకు పూత లేదనుకొనుట యమాయకత్వము.

ఒక పని మాత్రము మిగిలియున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయదారుల మాటలను ఊరూర సేకరింపజేసి సంపాదించిన వృత్తిపదకోశమును 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమివారు ప్రకటించిరి. చేనేతవారి మాటల సంపుటము 1971లో వచ్చినది. స్టూడియోలలో చీకటిగదుల కాలము దాటిపోయినది. ఆనాటి పనివారు ముసలివారైరి. వారితోపాటు వారి మాటలును పోవుచున్నవి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము, శ్రీకాళహస్తి మొదలగు నూళ్ళలో నున్న మన పాఠకులు తమ యూరి పాత స్టూడియోకు పోయి, లెన్సులను, గాజులను, తెఱలను, దీపములను అచటివారు ఏయే పేర్లతో పిలిచెడివారో యడిగి, అవి యింగ్లీషు విఱుపులైనను అరవమైనను సవరింపక, విన్నవి విన్నట్లు వ్రాసి పత్రికకు పంపవలెనని కోరుచున్నాము. మాట, దాని యర్థము, ఊరు, చెప్పినవారు ఎన్నేండ్లు ఆ పని చేసిరి యనునది, ఈ నాలుగును ఒక కార్డుపై పట్టును.